కాలరు లోపలి పసుపు

“ఒకరు విడిచిన బట్ట ఇంకొకరికి కొత్తబట్ట ఎప్పుడవుతుంది?”

ఈ ప్రశ్న అడిగింది ప్రవల్లిక. అడిగించుకున్నది మస్తానమ్మ గారు. ఒంగోల్లో కూరగాయల మార్కెట్టు వెనక సందులో, పాతబట్టలు విప్పి కొత్త టాపులు కుట్టే కొట్టు ఆవిడది. పని నేర్చుకునేవాళ్ళం, చేసేవాళ్ళం అందరం ఆవిణ్ణి మాస్టరమ్మా అని పిలిచేవాళ్ళం. నేనక్కడ కాజాలు కుట్టేదాన్ని గనక జరిగిందాంట్లో చాలావరకు కళ్ళారా చూశాను. చూడనిది ప్రవల్లిక నోటివెంట విన్నాను. ఇందులో నా సొంత పైత్యం ఏమీ లేదు.

మాస్టరమ్మకు ఒక అలవాటుంది. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు, చేతికి ఏదో ఒక పని తగిలిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు ఆవిడకు చెవుడేమో అనుకునేవాళ్ళు. కొన్నాళ్ళు పోయాక, అడక్కుండా ఉంటే అదనపు పని తప్పుతుందని గ్రహించి నోరు మూసుకునేవాళ్ళు. ప్రవల్లిక చేరి ఏడాది దాటింది. ఈ సంగతి బాగా తెలిసీ అడిగిందంటే, ఆ పిల్లకు ఎంత మండి ఉండాలో మీరే ఊహించుకోండి.

మంట ఎందుకంటే, ఆ వచ్చే గురువారం దాని చెల్లెలు లహరి పుట్టినరోజు. స్టీలు సామాన్లిచ్చి పాతబట్టలు పుచ్చుకునే ఆడవాళ్ళ మూటలో ఒక నీలం మంగళగిరి చీర వచ్చింది. కొంగు చిరిగింది గానీ నడిమి బట్ట గట్టిగా ఉంది. ప్రవల్లిక దాన్ని ముచ్చటపడి తీసుకుని చెల్లెలికి టాపు కుట్టింది. భుజాల దగ్గర సన్నటి కుచ్చులు పోసి, చీర అంచును చేతుల చివర్లకు తిప్పింది. మిగిలిన కాస్త అంచునూ పక్క జేబుల నోటికి వేసింది. షోరూము అద్దాల్లో బొమ్మకు తొడిగితే జనం ఆగి చూస్తారు, అంత సొగసుగా కుదిరింది. మాస్టరమ్మ కూడా దాన్ని వెనకా ముందూ తిప్పి చూసి “ఊఁ” అంది. ఆవిడ నోట ఊఁ వచ్చిందంటే మాకు ఆ పూట పండగే.

ఇంటికి తీసుకెళ్తే తల్లి కోటేశ్వరమ్మ గారు చూసి మురిసిపోయింది. చేతులు, కుచ్చులు, జేబులు అన్నీ తడిమి తడిమి చూసింది. అంతా అయ్యాక, “బాగుందే. మామూలు రోజుల్లో వేసుకుంటుందిలే. పుట్టినరోజుకి మాత్రం నేను దీనికి పసుపు పెట్టలేను” అంది. ఎందుకని అడిగితే, “పసుపు పెట్టేది కొత్తబట్టకి. ఎవరు విడిచిందో, ఏ ఇంట్లోదో. దానికి పసుపు పెట్టి నా బిడ్డ ఒంటిమీద వెయ్యమంటావా?” అంది.

కోటేశ్వరమ్మ గారు చెడ్డమనిషి కాదు. మన ఇళ్ళల్లో ఏ మూలో ఇంత పసుపు అద్దందే కొత్తబట్ట ఒంటిమీదికి రాదు కదా. ఆవిడ పట్టుకున్నది ఆ ఒక్క పద్ధతినే. కూతురి మీద కోపంతో అన్నమాటా కాదు. ప్రేమగా చెప్పింది కాబట్టే అది ప్రవల్లికకు అంత లోతుగా దిగింది.

మర్నాడు పొద్దున ఆ నీలం టాపు చేత్తో పట్టుకుని కొట్టుకొచ్చి, కత్తిరించే బల్లమీద పెట్టింది. సోమవారం నుంచి బట్టల షోరూములో అమ్మకాల పనికి వస్తానని మాట ఇచ్చేశానంది.

“అక్కడ కవరు విప్పని బట్టలుంటాయి మాస్టరమ్మా. కన్నతల్లి పసుపు పెట్టని బట్ట నేను జీవితాంతం కుట్టి ఏం చేసుకోను?” అంది. కళ్ళనీళ్ళు కనబడకుండా గోడవైపు తిరిగి, మొదట చెప్పిన ఆ ప్రశ్న అప్పుడు అడిగింది.

మాస్టరమ్మ కత్తెర పక్కన పెట్టింది. “పసుపు సంగతి నన్నడిగితే నేనేం చెప్పేదే? మీ అమ్మనడగాల” అంది. ఆ పొద్దున్నే వచ్చిన మూట ఇంకా ముడివిప్పలేదు. దాన్ని విప్పి, చేతికందిన ఒక చిన్న చొక్కాను లాగి ప్రవల్లిక ముందు పడేసింది.

“పోయేదానివి పోదువులే. ఇది విప్పి, ఉతికి పో.”

మా కొట్లో ఉతికాక విప్పడం లేదు, విప్పాకే ఉతుకుతాం. మురికంతా కుట్టు మడతల్లోనే దాక్కుంటుందని మాస్టరమ్మ నమ్మకం. ఆవిడ నాన్న దూదేకేవాడు. ఏళ్ళ తరబడి పడుకుని అట్టకట్టిన పరుపు దూదిని ఏకి, మళ్ళీ పొంగేట్టు చేసి ఇచ్చేవాడట. విప్పకుండా ఏదీ బాగుపడదన్నది ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చిన గుణం.

చొక్కా ఏడెనిమిదేళ్ళ పిల్లవాడిది. ఒకప్పుడు మీగడ రంగుదై ఉండాలి, ఇప్పుడు గోడకు వేసిన పాత సున్నంలా ఉంది. ప్రవల్లిక బ్లేడు ముక్క తీసుకుని విసురుగా కూర్చుంది. మొదటి పక్క కుట్టు పరపరా తెగింది. రెండో పక్కకొచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది.

“మాస్టరమ్మా, ఇది పిల్లాడి చొక్కా కాదు” అంది.

“మరెవరిది?”

“పెద్దాళ్ళది. కోసి చిన్నది చేశారు. ఇక్కడ చూడండి, వీపు వైపు నలుచదరంగా రంగు నిలిచిపోయింది. ఒకప్పుడు ఇక్కడ జేబు ఉండేది. ముందుబట్టని వెనక్కి వేశారు. వెనకబట్ట అప్పటికే చిరిగిపోయి ఉంటుంది.” కుట్టు మీద వేలు నడిపి అంది, “మొత్తం చేతికుట్టే. మిషను లేని ఇల్లు.”

నేనూ వంగి చూశాను. చేతికుట్టంటే ఏదో బొంతకుట్టు అనుకునేరు. మిషను మీద కుట్టినట్టే ఉంది, అంత దగ్గర దగ్గరగా, అంత వరసగా. పిల్లాడు గుంజుకున్నా పీక్కున్నా ఊడకూడదని మెడ దగ్గర రెండు వరసలు వేసింది ఎవరో తల్లి. తల్లో, నాయనమ్మో. నాకు కాజాలు కుట్టడంలో కాస్త పొగరుండేది. ఆ కుట్టు చూశాక దాన్ని కొన్నాళ్ళు దాచుకున్నాను.

విప్పడం అయింది. ప్రవల్లిక బేసిన్లో వేడినీళ్ళు పోసి, బట్టల సోడా, సబ్బుపొడి కలిపి ముక్కలన్నీ వేసింది. చేత్తో ముంచి కలిపింది. కలుపుతూ కలుపుతూ ఒక్కసారిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. బ్లేడుకు వేలు తెగిందేమో అనుకుని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసుకుంది. ఎక్కడా గీత లేదు. నీళ్ళల్లో మాత్రం, కింద మడతలోంచి బయటపడిన బట్టమీద ఎర్రటి మచ్చ ఒకటి మెల్లగా తేలుతోంది.

మచ్చ మా కళ్ళముందే ముదిరింది. ఉన్నట్టుండి, కాలరు ముక్క అడుగువైపు ఇంకోటి లేచింది. అంతకుముందు అక్కడ మురికిచారలాంటిది తప్ప ఏమీ లేదు, నేను ప్రమాణం చేసి చెప్పగలను. మిషన్లు ఆగిపోయాయి. అందరం లేచి బేసిను చుట్టూ చేరాం. ఎవరో “రక్తమా?” అని గొణిగారు.

“మంచినీళ్ళు పొయ్యండి” అంది మాస్టరమ్మ. ఆవిడ కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

బక్కెట్టు తెచ్చి జాడించాం. సబ్బు పోతున్నకొద్దీ ఎరుపు సడలిపోయింది. సడలి, సడలి, చివరికి పసుపై నిలబడింది. అప్పుడుగానీ మాకు వెలగలేదు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని వంటచేసుకునే ప్రతి ఆడదానికీ తెలుసు. కూరచేత్తో తుడుచుకున్న కొంగులు మేం రోజూ ఉతుక్కునేవే. తెలిసి కూడా అందరం గుడ్లప్పగించి చూశాం. ఏనాడో ఎవరో అద్దిన పసుపు. ఎండ తగలని మడతలో పడి ఇన్నేళ్ళూ ఊరుకుని, ఇప్పుడు పిలిచినట్టుగా లేచొచ్చింది. గుళ్ళో హారతి కళ్ళకద్దుకునేటప్పుడు కూడా నాకు అంత భయభక్తులు కలగలేదని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడను.

ప్రవల్లిక రెండు ముక్కలూ అరచేతుల్లో పరుచుకుంది.

“ఇది పెద్దచొక్కా కొన్నప్పుడు పెట్టింది” అంది, కింద మడతలోది చూపించి. “కోసి చిన్నది చేసినప్పుడు మడతలోకి పోయింది.”

“రెండోది?” అంది మాస్టరమ్మ.

ప్రవల్లిక రెండు మచ్చల్నీ దగ్గరగా పెట్టి చూసింది. మొదటి మచ్చ వెడల్పుగా, బొటనవేలంత ఉంది. రెండోది సన్నగా, ఉంగరపు వేలి కొసతో అద్దినట్టుంది. రెండు చేతులు. ఒకరు పెట్టింది ఇంకొకరికి తెలియను కూడా తెలియకపోవచ్చు.

“రెండోది పిల్లాడికి కుట్టాక పెట్టారు” అంది చివరికి. “వేసి వేసి చిరిగిన చొక్కాని కోసి కుట్టి, దానికి మళ్ళీ పసుపు పెట్టారు.”

“ఎవురు?”

“తెలీదు.”

మాస్టరమ్మ “ఊఁ” అని కత్తెర అందుకుంది. ఆవిడకు ముందే తెలిసి ఆ చొక్కా తీసిందా అని నాకు ఇప్పటికీ అనుమానమే. తర్వాతెప్పుడో అడిగితే, “మూట ఆ పొద్దున్నే గదే వచ్చింది, నాకెట్టా తెలుస్తది? చానా వాటికి ఉంటదిలే. చూసేవాళ్ళే ఉండరు” అని, నా చేతికి రెండు డజన్ల కాజాలు తగిలించింది.

ప్రవల్లిక షోరూము మాటెత్తకుండా నీలం టాపు మెడ విప్పింది. చొక్కా బట్ట ఉతికి ఆరేసరికి మళ్ళీ మీగడ రంగు తేలింది. దాంతో చిన్న నిలువు కాలరు కోసింది. పసుపు మచ్చలున్న ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన చేర్చి, కాలరు లోపలివైపు, మెడ వెనక భాగంలో వేసింది. బయటికి చూస్తే నీలం మీద మీగడ గీత, అంతే. టాపు అంతకుముందుకన్నా ఇంకా బాగుంది, అది వేరే సంగతి. కాలరు కుట్టేటప్పుడు మాత్రం మిషను ఆపేసి చేతికుట్టు వేసింది. ఎందుకని మేమెవరం అడగలేదు.

గురువారం మేమంతా పని చేశామంటే చేశాం. మనసు మాత్రం ఎవరికీ పని మీద లేదు. ఆ పూట వాళ్ళమ్మ ఏమంటుందో, పిల్ల సోమవారం మన మధ్య ఉంటుందో పోతుందో అనే గుబులే అందరికీ. శుక్రవారం ప్రవల్లిక వచ్చి చెప్పింది.

తెల్లారి తలంటు అయ్యాక, తల్లి షోరూములో కొన్న డ్రెస్సుకు పసుపు పెట్టడానికి భరిణె తీసింది. లహరి ఆ డ్రెస్సు పక్కకు జరిపి, అక్క ముందే చూపించిన నీలం టాపు ముందు పెట్టింది. “నువ్వు పెట్టొద్దులే అమ్మా. ఒక్కసారి కాలరు తిప్పి చూడు చాలు” అంది. కోటేశ్వరమ్మ గారు విసుక్కుంటూనే తిప్పింది. తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, పెద్దకూతురి వంక చూసింది.

“నువ్వే పెట్టుకున్నావా?”

“లేదమ్మా.”

నమ్మలేదు. బొటనవేలు తడిచేసి ఒక మచ్చ మీద రుద్దింది. కొత్త పసుపైతే వేలికి అంటుకోవాలి. అంటలేదు. రెండోదాన్నీ రుద్దింది. అదీ అంతే, నూలులోకి ఇంకిపోయి ఉంది. అప్పుడు ప్రవల్లిక చొక్కా కథంతా చెప్పింది. పెద్దచొక్కా, వీపు మీది జేబు జాడ, చేతికుట్టు, నీళ్ళల్లో లేచిన ఎరుపు, అన్నీ. కోటేశ్వరమ్మ గారు టాపును ఒళ్ళో పెట్టుకుని విన్నది. పొయ్యిమీద పాయసం అడుగంటుతున్న వాసన వస్తున్నా లేవలేదట, అదీ పుట్టినరోజు పూట.

“ఎవరో ఏమో” అంది చివరికి, ఆ రెండు మచ్చల్నీ చూస్తూ. “ఇంతమంది పెట్టినదానికి పెట్టనని అనడానికి నేనెవర్ని?”

అని భరిణెలో వేలు ముంచి, ఆ రెండింటి పక్కన మూడోది అద్దింది. ఇదంతా చెప్తూ ప్రవల్లిక కళ్ళు తుడుచుకుంది, ఈసారి గోడవైపు తిరగకుండానే. షోరూము వాళ్ళకు ఫోను చేసి రానని చెప్పేశానంది. మేమందరం ఎవరి పనిలో వాళ్ళం ఉన్నట్టు తలలు వంచుకున్నాం.

మాస్టరమ్మ కిటికీ వెలుగులో సూదికి దారం ఎక్కిస్తోంది. అంతా విన్నదో లేదో తెలియలేదు. దారం ఎక్కాక కొస ముడివేసి, తలెత్తకుండా అడిగింది.

“నాలుగోదానికి చోటు వదిలిందా మీ అమ్మ?”