వెచ్చటి కుండ

గుట్ట మీద రాళ్లపేట అని ఐదు కొంపల ఊరు. మనుషులు లేరు లెండి, అంతా జంతువులే. వాగు దూరం. అందుకని నక్క జగ్గప్ప గుట్ట నెత్తిన సొంతంగా నుయ్యి తవ్వి, వెదురు గొట్టాలు వేసి, ఇంటింటి తొట్టికీ నీళ్లు వదిలేవాడు. బదులుగా వాడి తిండీ తిప్పలూ ఊరంతా చూసుకునేది. పైగా "జగ్గప్ప బావే లేకపోతే మన నాలుకలు పిడచకట్టుకుపోయేవి" అని పొగడ్తలు. తిండికో పొగడ్తలకో తెలీదు గాని, నక్కగారి బొజ్జ కాస్త ముందుకొచ్చింది.

పదిమందికి నీళ్లు పోసేవాడికి ఆ అడవిలో ఓ కట్టుబాటు ఉంది. ప్రతి పున్నమికీ నూతినీళ్లు కుండలో పట్టి, మూతికి బంకమట్టి ముద్ర వేసి, వాగొడ్డున ఉండే తాబేలు అవ్వకు పంపాలి. అవ్వ అందులో చుక్క గంజి కలిపి, తామరాకులో పోసి ఎండన పెడుతుంది. సాయంత్రానికి నీళ్లు తేటగా ఉంటే పచ్చాకు ఇస్తుంది. జిగురుగా తీగ సాగితే ఎండుటాకు. ఎండుటాకు వచ్చిందా, నుయ్యి బాగుచేసేదాకా ఒక్క చుక్కా ఎవరూ తాగకూడదు.

జగ్గప్ప నూతికి మూడేళ్లుగా అన్నీ పచ్చాకులే. వాటిని దండ గుచ్చి గిలకకు వేలాడదీశాడు. అవి ఎండి గలగలమంటుంటే, "వచ్చిన రోజున పచ్చవే!" అనేవాడు.

కుండ ఎప్పుడూ ఎద్దు బండి మీద వెళ్లేది. ఈసారి ఎద్దు కాలికి ముల్లు దిగింది. "నేను మోసుకెళ్తాలే" అంది గాడిద నూకాలు. దానికో అవసరం ఉంది. దాని కూన చిట్టి పది రోజులుగా కడుపు పారి లేవలేకుండా పడుంది. పక్కింటి మేక పోలమ్మ పిల్లలదీ అదే పరిస్థితి. మేత పడలేదన్నారు, దిష్టి అన్నారు. అవ్వనడిగి ఏదైనా మందు తెద్దామని నూకాలు ఆశ.

తెల్లారుతుండగా నక్క కుండ తెచ్చి దాని వీపున కట్టాడు. నాలుగడుగులు వేసిందో లేదో నూకాలు ఆగిపోయింది. ఇదేమిటి, ఎండైనా రాలేదు, వీపు వెచ్చగా ఉందేం?

"జగ్గప్ప బావా, కుండ వెచ్చగా ఉంది."

"లోతు నుయ్యి కదే! భూమి కడుపులో వేడి అది."

"మరి మా తొట్టిలో నీళ్లు పళ్లు జివ్వుమంటాయేం?"

"గొట్టంలో వచ్చేసరికి చల్లారతాయి. గాడిదవి, నీకెందుకే ఇవన్నీ? నడువు!"

నూకాలు నడిచింది. కానీ దానితో వచ్చిన చిక్కే అది, ఒక ప్రశ్న బుర్రలో దూరిందంటే తేలేదాకా గడ్డి సహించదు. తొట్టి దగ్గర ఆగి, దారికోసం మెడకు కట్టుకున్న సొరకాయ బుర్ర కడిగి నీళ్లు నింపుకుంది. వాగొడ్డు చేరాక ఆ బుర్ర కూడా అవ్వ ముందు పెట్టి, "ఇవీ చూడవ్వా" అంది.

సాయంత్రమైంది. కుండ నీళ్లు అద్దంలా ఉన్నాయి. బుర్ర నీళ్లు మాత్రం తీగ సాగుతున్నాయి. అడుగున రెండు పురుగులు మెదులుతున్నాయి కూడా. నూకాలు ఆ బుర్రను దూరంగా నెట్టేసింది. తన చేత్తో తనే బిడ్డకు పట్టించిన నీళ్లు మరి.

"రెండూ ఒకే నూతివి అవ్వా!"

"అయితే కుండలోవి కాచిన నీళ్లమ్మా. వానాకాలంలో ఎంత మంచి నుయ్యైనా ఒకసారి మొహం మాడ్చుకుంటుంది. ఈ కుండ మూడేళ్లలో ఒక్కసారీ మాడ్చుకోలేదు. నాకూ అనుమానంగానే ఉంది."

"మరి ఎండుటాకు ఇచ్చెయ్యి!"

"ముద్ర ఉన్న కుండ సంగతే నేను చెప్పగలను. అందులో నీళ్లు మంచివే. నీ బుర్రకు ముద్రేదీ? గాడిద బుర్ర కడగలేదంటాడు నీ నక్క బావ. ఊరు ఎవరి మాట నమ్ముతుంది?"

నూకాలు ఆ పురుగుల నీళ్లు ఒడ్డున పారబోసింది.

"నిజం కాచినవాడి నోటినుంచే రావాలే తల్లీ. ముందు నీ కూనకు వాగునీళ్లు కాచి చల్లార్చి, ఉప్పేసిన గంజితో పట్టు" అంటూ అవ్వ పచ్చాకు చేతిలో పెట్టింది.

మర్నాడు నూకాలు ఊరు చేరేసరికి అందరూ నూతి దగ్గరే ఉన్నారు. జగ్గప్ప దండకు కట్టడానికి నార కూడా సిద్ధంగా పట్టుకున్నాడు.

"ఏదే ఆకు?"

"ఏం చెప్పమంటావు బావా! మన నూతినీళ్లు సాయంత్రానికల్లా తీగ సాగాయి. పురుగులు మెదిలాయి. నా కళ్లతో చూశాను."

నక్క చిందులు తొక్కాడు. "ఆ ముసల్దానికి కళ్లు దొబ్బాయి! మూడు పొంగులు పొంగించి, గుడ్డలో వడగట్టి మరీ పంపానే! నా చేతులు కూడా కాలాయి! పురుగులెలా వస్తాయే?"

అందరి తలలూ వాడివైపు తిరిగాయి. గిలక మీద ఎండుటాకులు గలగలమన్నాయి. జగ్గప్ప అప్పుడు నాలుక కరుచుకున్నాడు గాని, ఏం లాభం?

నూకాలు జూలులోంచి పచ్చాకు తీసింది. "నీ కుండకు ఇదిగో, పచ్చాకే ఇచ్చింది. తీగ సాగినవి మా తొట్టి నీళ్లు బావా. అవీ మన నూతివేగా?"

మేక పోలమ్మ ముందుకొచ్చింది. "తాబేలు అవ్వ గుక్కెడు నీళ్లకి మూడు పొంగులా? నా బిడ్డలకి ఒక్క పొంగైనా ఎందుకు లేదు జగ్గప్పా?"

"అదికాదు వదినా... గేదె పొర్లే బురదగుంట నీళ్లు నూతిలోకి ఊరుతున్నాయి. పగులు పూడ్చాలంటే నెలపాటు నుయ్యి ఆపాలి... అంత బురదలో ఎవడు దిగుతాడని..."

ఎవడు దిగాడో చెప్పక్కర్లేదు. చెవులదాకా బురదలో దిగి, పగులు పూడ్చి, నుయ్యి తోడింది జగ్గప్పే. అన్నాళ్లూ వాగునీళ్లు మోసి, ఐదిళ్లకూ మూడేసి పొంగులు కాచిందీ వాడే. పొయ్యి ఊది ఊది కళ్లు ఎర్రబడ్డాయి, బొజ్జ లోపలికి పోయింది.

పై పున్నమికి కుండను చివరి తొట్టి దగ్గర పోలమ్మే నింపి, ముద్ర వేసింది. ఎండుటాకే వచ్చింది. దాన్నీ గిలకకు కట్టారు, నుయ్యి మళ్లీ తోడించారు. ఆ తర్వాతి పున్నమికి కుండ వీపు మీద పెట్టగానే నూకాలు ఒళ్లు జలదరించింది, అంత చల్లగా ఉంది. వెనక చిట్టి గెంతుతూ వచ్చింది. మర్నాడు ఇద్దరూ పచ్చాకుతో తిరిగొచ్చారు.

పరీక్షకు ఏ నీళ్లు పంపుతావో, పక్కింటి బిడ్డకూ ఆ నీళ్లే పొయ్యాలి.