మిర్చి చేను మీది తీగ

కెప్టెన్ వేదాద్రిగారిని ఏదైనా అడిగితే జవాబు తిన్నగా రాదు. ముందు టీ వస్తుంది. మా ఫ్లయింగ్ క్లబ్బులో ఇది అందరికీ తెలుసు. కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్ ఇందుమతికే తెలియదు పాపం.

ఆమె దగ్గర కౌశిక్ అనే కుర్రాడు విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. చెయ్యి మంచిదే గాని ఒట్టి దుడుకు. చెప్పిన ఎత్తులో ఉండడు, వద్దన్నవైపే తిప్పుతాడు. మర్నాడు పొద్దున అతన్ని మొదటిసారి ఒంటరిగా పంపాలంటే ఆమె సంతకం పెట్టాలి. పెడితే ప్రాణం మీదికి తెచ్చుకుంటాడేమోనని బెంగ. ఆపితే నేర్పడం చేతకాలేదంటారేమోనని ఇంకో బెంగ. "ఇలాంటివాణ్ణి ఏం చెయ్యాలి సర్?" అని అడిగేసింది.

టీ వచ్చాక ఆయన ఫణీంద్ర సంగతి ఎత్తారు. పాతికేళ్ల కిందటి శిష్యుడు. ఈయన సంతకంతోనే ఒంటరిగా వెళ్లి, ఓ మిర్చి చేను మీద చెట్లకన్నా కిందికి దిగి, కాయలు కోస్తున్న కూలీల్ని హడలగొట్టి వచ్చాడు. పైగా క్యాంటీన్లో అందరికీ చెప్పుకుని ఒకటే నవ్వు. నేనైతే చెంప వాయగొట్టేవాణ్ణి. ఈయన మాత్రం మర్నాడు అతన్ని స్కూటరెక్కించుకుని ఆ చేనికే తీసుకెళ్లారు.

చేనికి అడ్డంగా, మోటారు షెడ్డు దాకా కరెంటు తీగ ఉంది. విమానం ఎంత ఎత్తున పోయిందని రైతుని అడిగారు. రైతు వేలెత్తి ఆ తీగనే చూపించాడు.

"నిన్న విమానం వచ్చేసరికే ఇది తెగి కింద పడుందయ్యా. సాయంత్రమే కరెంటోళ్లు వచ్చి లాగి కట్టారు."

ఫణీంద్ర మొహంలో నెత్తురు చుక్క లేదు. తల పైకెత్తి తీగని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశాడు. తర్వాత మెల్లిగా, ఈ తీగ పైనుంచి కనపడేదా సర్ అన్నాడు. కనపడదని, తీగ కోసం కాదు, స్తంభాల కోసం చూసుకోవాలని ఈయన చెప్పారు. మరి స్తంభం చెట్టు చాటున ఉంటే? ఎండ కళ్లలో పడితే? క్లబ్బు చేరేదాకా స్కూటర్ వెనక కూర్చుని అడుగుతూనే ఉన్నాడట.

"అంటే భయం పెట్టారన్నమాట," అంది ఇందుమతి, దారి దొరికినట్టుగా.

"భయం వారంలో పోయిందమ్మా. అడగడమే పోలేదు. అంతకు ముందు ఆరు నెలల్లో నన్నొక్క ప్రశ్న అడిగినవాడు కాదు. అది చూసుకోకుండానే సంతకం పెట్టాను."

వేదాద్రిగారు గ్లాసు కింద పెట్టి ఆమె వైపు చూశారు.

"మీ కౌశిక్ ఎప్పుడైనా నిన్ను ఏమైనా అడిగాడా?"