గవరమ్మ మూసిన కన్ను

అనగనగా అంటే ఎప్పుడని అడుగుతారు గనక చెబుతున్నాను. విరోధి నామ సంవత్సరం, ఆషాఢ బహుళ పంచమి, గురువారం. గాలి లేని ముసురు. ఏ విరోధి అంటే మాత్రం చెప్పలేను, అరవయ్యేళ్ళకోసారి వచ్చే పేరది.

మువ్వలపట్నానికి ఒక ఇత్తడి ముద్ర ఉండేది. దాని మీద ఒంటికాలి కొంగ. కొంగకి కన్ను లేదు. చెక్కినవాడు మరిచిపోయాడంటారు గాని, కావాలనే వదిలేశాడు. వారసుల్లేకుండా పోయినవాళ్ళ తలుపుకే ఆ ముద్ర వెయ్యాలి. ముందు మూడుసార్లు పిలవాలి. లోపలికెళ్ళి కళ్ళారా చూడాలి. అప్పుడు తలుపు మూసి, లక్క పోసి, ముద్ర నొక్కి, సూదితో కొంగకి కన్ను పొడవాలి. కన్ను పడిందంటే లోపల మనిషి లేనట్టే. ఇల్లు పట్నం పెద్దకి చెందుతుంది.

ఆ పని లక్క కాచే గవరమ్మది.

ఆ రోజు పట్నం పెద్ద జగ్గరాజు ఆమెని రేవు పక్కన సాలె కొండయ్య ఇంటికి తీసుకెళ్ళాడు. నా అన్నవాళ్ళు లేని ముసలివాడు మంచం పట్టి నెలయింది. ఆ చోటు మీద జగ్గరాజుకి ఎప్పటినుంచో కన్నుంది.

"పోయాడు. ముద్ర వెయ్యి."

"లోపల ఎవరైనా ఉన్నారా?" అని గవరమ్మ పిలిచింది. దగ్గు వినిపించింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" మంచం కిర్రుమంది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను గవరమ్మా. ఇంకెక్కడికి పోతాను?"

జగ్గరాజు వెనకాల గుమిగూడిన జనం వైపు తిరిగాడు. "మీకేమైనా వినిపించిందా?"

అందరూ తమ కాళ్ళకేసి చూసుకున్నారు.

"నాకు వినిపించింది దొరా."

"చెవుల్లో లక్క పోసినా నీకు వినిపిస్తుందే" అని ముద్ర లాక్కుని తనే నొక్కాడు. కన్నూ తనే పొడిచాడు.

మర్నాడు కొండయ్య పెరటి దారిన బయటికొచ్చాడు. రేవులో పలకరించాడు, ఎవరూ పలకలేదు. అంగట్లో పలకరించాడు, ఎవరూ పలకలేదు. నలభయ్యేళ్ళ నేస్తం సూరన్నని గుమ్మంలో నిలబడి పిలిచాడు. సూరన్న చలిగాలి తగిలినట్టు దుప్పటి కప్పుకుని తలుపేసుకున్నాడు.

చివరికి గవరమ్మ దగ్గరికొచ్చాడు.

"నేను చచ్చానా, గవరమ్మా?"

"ఆకలేస్తోందా, మామా?"

"వేస్తోంది."

"అయితే చావలేదు. కూర్చో." అంబలి పోసింది.

కానీ మూడో రోజుకి, అంబలి తాగుతున్న కొండయ్యలోంచి ఆమెకి వెనకాల గోడ కనిపించింది.

గవరమ్మ జగ్గరాజు దగ్గరికెళ్ళింది. "ఆ కన్ను మూసెయ్యండి దొరా."

"మూసినవాళ్ళు వాడికి బదులు లేనివాళ్ళయిపోతారు. తెలిసే అడుగుతున్నావా?"

"తెలుసు. పొడిచింది మీరు గదా అని అడిగాను."

అతను నవ్వాడు. ఆమె మూకుట్లో లక్క కాచింది. కొండయ్య తలుపు దగ్గరికెళ్ళి, కొంగ కన్ను మీద ఒక్క బొట్టు వేసి, కాలుతున్నా బొటనవేలితో అదిమింది.

కొండయ్య గుమ్మంలో కనిపించాడు. ఊరంతా ఒక్కసారే పలకరించింది. నేల మీద మూకుడు ఇంకా పొగలు కక్కుతోంది. దాని పక్కన ఎవరూ లేరు.

ఇప్పటికీ ఆ పట్నంలో మూడుసార్లు పిలిచాక, "గవరమ్మా, నీకేమైనా వినిపించిందా?" అని నాలుగోసారి అడుగుతారు. మూకుట్లో లక్క గడ్డకట్టేదాకా ఆగుతారు.

ఆమెకి పిల్లల్లేరు. ముద్ర కొండయ్యకి వచ్చింది. మూకుడు సూరన్న అడిగి తీసుకున్నాడు. గవరమ్మ ఇంటి కోసం జగ్గరాజే జనాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఒకసారి పిలిచాడు, జవాబు లేదు. రెండోసారి పిలిచాడు, జవాబు లేదు. మూడోసారి పిలిచాడు.

"ఉన్నాను దొరా."

ఈసారి అందరికీ వినిపించింది. ఆ తలుపుకి నేటికీ ముద్ర పడలేదు. జగ్గరాజుకి ఏమీ రాలేదు.