చేయూత కనుమకు ఆ పేరెలా వచ్చింది

పూర్వం తూర్పు కనుమలకు పడమటి వైపున ఉన్న మెట్ట సీమను గుండభూపతి అనే రాజు ధర్మం తప్పకుండా పాలించేవాడు. గెలవవలసిన యుద్ధాలన్నీ గెలిచి, అగ్రహారాలు దానం చేసి, కోటలు కట్టించి, మనుమలను ఎత్తుకొని ముద్దాడిన ఆ మహారాజుకు లోకంలో మనిషి కోరదగినదంతా కొంగుబంగారమై ఉండేది. అటువంటి ఆయనకు షష్టిపూర్తి మహోత్సవం నాడు, నిండు కొలువులో వందిమాగధులు గొంతెత్తి బిరుదులు చదువుతుండగా, వీళ్లు పొగుడుతున్నది ఎవరినో గాని నన్ను కాదు అనిపించింది. ఆ మాట మనసులో ముల్లులా విరిగి లోపలే ఉండిపోయింది. భోజనానికి కూర్చున్నా, పూజకు కూర్చున్నా, నేనెందుకు పుట్టాను, నేను పుట్టకపోతే ఈ లోకానికి తక్కువయ్యేది ఏమిటి అనే ప్రశ్న ఆయనను వదిలేది కాదు.

పండితులను పిలిపించి అడిగాడు. ఒకరు కర్మ అన్నారు, ఒకరు జ్ఞానం అన్నారు, ఇంకొకరు భక్తి అన్నారు. అంతలోనే ముగ్గురూ తమలో తాము వాదానికి దిగి, అడిగిన రాజును మరిచిపోయారు. విస్తరి నిండా వడ్డించినా ఆకలి తీరని వాడిలా లేచివచ్చిన గుండభూపతి, రాజ్యం పెద్దకొడుక్కి అప్పగించి, కట్టుబట్టలతో కొండదారి పట్టాడు. కనుమ శిఖరాన, దారి పక్కనే, గుడీ గోపురమూ లేక ఎండకు ఎండి వానకు తడిసే స్వయంభూ లింగమొకటి ఉండేది. దాని ఎదుట దర్భలు పరుచుకొని, "పరమేశ్వరా, నా పుట్టుకకు అర్థమేమిటో నీ నోట వినేదాకా ఈ చోటు నుంచి లేవను, అన్నపానాలు ముట్టను, వినిపించకపోతే ఈ శరీరం ఇక్కడే రాలిపోతుంది" అని ప్రతిజ్ఞ చేసి ప్రాయోపవేశానికి కూర్చున్నాడు.

ఆ కనుమదారి ఉప్పు మోసేవాళ్లది. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పును బుట్టలకెత్తుకొని, తలమీద చుట్టకుదురు పెట్టుకొని, కొండ ఎక్కి పడమటి ఊళ్లకు చేరవేసేవాళ్లు. ఎంతటి బలశాలి అయినా నిండు ఉప్పుబుట్టను నేలమీది నుంచి తన తలకు తానే ఎత్తుకోలేడు, పక్కన మరొకరు చెయ్యి వెయ్యాలి. అందుకే వాళ్లు గుంపుగానే నడిచేవాళ్లు. ఒంటరిగా ఉన్నప్పుడు ప్రాణం మీదికి వచ్చినా కనుమలో బుట్ట దించకూడదని పిల్లలకు నడక నేర్పినప్పుడే నేర్పేవాళ్లు. దారి పక్కన కూర్చున్న రాజును ఎవరో సన్యాసి అనుకొని, దూరం నుంచే దండం పెట్టుకొని వెళ్లిపోయేవాళ్లు. రోజులు గడిచాయి. రాజు శరీరం కృశించింది, చూపు మసకబారింది, ఈశ్వరుడి నుంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఒకనాటి మధ్యాహ్నం ఓబక్క అనే ముసలామె, కాలు బెణికి గుంపుకు వెనకబడి, బుట్టతో ఒంటరిగా కనుమ ఎక్కి వచ్చింది. ఊరంతా కలిసి కొర్రలు కొలిచి ఇచ్చి, ఉప్పు మార్చుకు రమ్మని పంపితే, ఏడాదికి సరిపడా తెస్తున్నది. దర్భల మీద ఒరిగిపోతున్న మనిషిని చూసి ఆమె గుండె చివుక్కుమంది. ఎవరి బిడ్డో, పోతున్నాడేమో అనుకున్నదే గాని, ఆ క్షణంలో తాను ఒంటరినని గుర్తురాలేదు. నడక నేర్చిననాడు నేర్చిన మాటను మరిచి, బుట్ట దించేసింది. దోసిట సెలయేటి నీళ్లు తెచ్చి ఆయన పెదవులు తడిపింది. రాజు కళ్లు తెరిచి, వద్దని తల ఊపాడు.

"బతికే ఉండావు, అంతే చాలు" అని ఆమె లేచి, బుట్ట దగ్గరికి వెళ్లి చూసుకొని నిర్ఘాంతపోయింది. చుట్టూ పిట్ట కూడా లేదు. తూర్పున మబ్బు కమ్ముకొని వస్తున్నది. రెండు చేతులా బుట్టను పట్టి పెనుగులాడింది; అది మోకాలి ఎత్తు దాటలేదు.

"నాయనా, రవ్వంత చెయ్యెయ్యి" అన్నది.

"అమ్మా, నేను లేవకూడదు. ఈశ్వరుడి మాట వినేదాకా ఈ చోటు వదలనని వ్రతం పట్టాను."

"పట్టినావులే, మంచిదే. నీ ఈశ్వరుడు యాడికి పోతాడు నాయనా, ఈ పొద్దు రాకుంటే రేపొస్తాడు. నేలమీద నీళ్లు పారి నా ఉప్పు తడిసిందంటే రేపు ఊళ్లోకి ఉత్త బుట్ట మోసుకపోవాల. కొర్రలిచ్చినోళ్లకు నా మొగం ఎట్ట చూపించేది?"

గుండభూపతి లింగం వైపు చూశాడు. లేస్తే ఇన్నాళ్ల తపస్సూ బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఏ క్షణాన స్వామి పలుకుతాడో, ఆ క్షణానికి తాను అక్కడ లేకుండా పోతాడు. పుట్టుకకు అర్థం తెలియకుండానే చావవలసి వస్తుందేమోనని ఆయన నిజంగా భయపడ్డాడు. కాని ఆ ముసలిచేతులు మళ్లీ బుట్ట కిందికి వెళ్లి వణుకుతుండగా చూసి, ఆయనకు ఒక వింత తోచింది. జీవితమంతా జనం తనను మాన్యాలు అడిగారు, పదవులు అడిగారు, అభయం అడిగారు. తన రెండు చేతులను అడిగినవారు ఈ భూమి మీద ఒక్కరూ లేరు. తొలి చినుకు ఆయన నుదుట పడింది. గుండభూపతి లేచాడు.

లేచాడే గాని, తిండిలేని ఒంట్లో బలమేది? ఇద్దరూ చెరొక వైపు పట్టి ఎత్తితే బుట్ట నడుము దాకా వచ్చి, అక్కడ ఆగి, కిందికి జారబోయింది. అప్పుడు, ఆ ఇద్దరి చేతుల నడుమ, మరొక జత చేతులు బుట్ట అడుగున ఆనాయి. నల్లని చేతులు, రాతిలా చల్లనివి. వాటి నుంచి మారేడు ఆకుల వాసన వచ్చింది. రాజుకు తల ఎత్తి చూసే ధైర్యం చాలలేదు. బుట్ట గాలిలో తేలినట్టు లేచి ఓబక్క తలమీద కుదురుకున్నది.

బరువు కింద మెడ తిప్పలేని ఓబక్కకు ఆ చేతులు కనబడనే లేదు. వీపున వేలాడే మోదుగాకుల గొడుగు బుట్ట మీదికి లాక్కొని, "నువ్వుండబట్టి గట్టెక్కినాను నాయనా, సల్లగుండు" అని, కుంటుకుంటూ పడమటి దారిన దిగిపోయింది. ఈశ్వరుడి నోట ఏ జవాబు వినాలని ప్రాణాలు బిగబట్టి కూర్చున్నాడో, ఆ జవాబు ఆమె మాటలోనే తన చెవిన పడిందని రాజుకు తెలిసింది. వెనుదిరిగి చూస్తే అక్కడ ఎవరూ లేరు. లింగం మాత్రం, వాన ఇంకా జోరందుకోకముందే, నిలువునా తడిసి ఉన్నది. వేలితో ఆ తడిని తాకి నాలుకకు రాసుకున్నాడు. ఉప్పగా ఉన్నది. బరువెత్తిన స్వామికి చెమట పట్టింది! గుండభూపతి ఆ రాతిని కౌగిలించుకొని చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆయన మళ్లీ కోటకు వెళ్లలేదు. బతికినన్నాళ్లూ ఆ కనుమలోనే ఉండి, దారిన పోయే ప్రతివారి బుట్టకూ చెయ్యి వేశాడు. ఆయన రాజని చాలామందికి తెలియనే తెలియదు. స్వామిని శాస్త్రం తెలిసినవారు హస్తావలంబేశ్వరుడని కీర్తిస్తే, కొండజనం చెయ్యేసినయ్య అని పిలుచుకుంటారు. కనుమ చేయూత కనుమ అయింది, లింగానికి గుడి వెలిసింది. నేటికీ అర్చకుడు ఉదయాన్నే లింగాన్ని పొడిబట్టతో తుడిచిన తరువాతనే అభిషేకం మొదలుపెడతాడు, అక్కడి తీర్థం నాలుకకు ఉప్పగా తగులుతుంది. కార్తికంలో జరిగే తిరుణాళ్లకు రాజైనా పేదైనా తలమీద ఏదో ఒక బరువుతో రావాలి, దాన్ని గుడి ముందు దించాలి, తిరిగి ఎత్తేందుకు ముక్కూముఖం తెలియని మనిషి వచ్చేదాకా నిలబడి ఉండాలి. ఆ గుడిలో గంట కట్టరు, మేళం పెట్టరు. హారతి మధ్యలో దారి మీద నుంచి "చెయ్యెయ్యండయ్యా" అని కేక వినబడితే, అర్చకుడు వెలుగుతున్న పళ్లెం స్వామి ముందు కింద పెట్టి బయటికి పరుగెత్తుతాడు. ఆయన తిరిగి వచ్చేదాకా హారతి అందుకోకుండా స్వామి కూర్చొనే ఉంటాడు.