తగిలిందని చెప్పిన కొండముచ్చు

అనగనగా రెండు అడవులు, ఆ రెండింటికీ మధ్య ఒకే ఒక్క ఏరు. ఇటువైపు నల్లకొండ అడవి, దానికి పులి రాజు. అటువైపు ఎర్రగట్టు అడవి, దానికి ఎలుగుబంటి రాజు. వాళ్లు యుద్ధాలు మానేసి క్రికెట్ మొదలుపెట్టారు. ఏ తగవు వచ్చినా బ్యాటూ బంతితోనే తేల్చుకునేవారు. అక్కడిదాకా బాగానే ఉంది పిల్లలూ. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆటకు అంపైరు కావాలి కదా. అందరికన్నా పెద్ద కళ్లు గుడ్లగూబవి కాబట్టి దాన్నే పెట్టారు. ఆట జరిగేది పట్టపగలు. పగలు గుడ్లగూబకు చూపు ఆనదు. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ అంపైరును పెట్టింది రాజులు, పిల్లి మెడలో గంట కట్టేదెవరు? అందుకని పెద్దలు ఒక ఆచారం పెట్టారు. బంతి బ్యాటు అంచుకు తగిలి కీపరు చేతిలో పడితే, ఆడేవాడే ఒప్పుకుని బయటికి నడవాలి.

ఆచారం అందరికీ ఉంది. పాటించినవాడు ఒక్కడే. అతడి పేరు లంబవాలుడు, నల్లకొండ జట్టులో కొండముచ్చు.

ఆటే అతడి బతుకుతెరువు. ఆడినన్నాళ్లూ రాజుగారి తోటలో పండ్లు, ఆట పోతే కొండమీద ఎండుటాకులు.

మొదటిసారి నల్లకొండ గెలుపు అంచున ఉంది. బంతి లంబవాలుడి బ్యాటును సన్నగా ముద్దాడి ఎర్రగట్టు కీపరు నక్క చేతిలో పడింది. "నాకేమీ కనబడలేదు, ఆడుకో" అంది గుడ్లగూబ. లంబవాలుడు బ్యాటు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. మిగిలినవాళ్లు మ్యాచ్ గెలిపించారు. ఇంకేముంది, ధర్మరాజంటే ఇతడేనని పులిరాజు మెచ్చుకున్నాడు. కుందేళ్లు తమ పిల్లలకు లంబవాలుడని పేరు పెట్టుకున్నాయి. తేనె అమ్మే పందికొక్కు తన కొట్టు ముందు అతడి బొమ్మ గీయించింది.

రెండోసారి గెలవడానికి నాలుగే పరుగులు కావాలి. ఆఖరి జోడీ ఆడుతోంది. బంతి మళ్లీ అంచుకు తగిలింది. గుడ్లగూబ మళ్లీ కళ్లు చికిలించి తల అడ్డంగా ఊపింది. లంబవాలుడు మళ్లీ నడిచాడు. నల్లకొండ ఓడిపోయింది.

"ఏమోయ్, ఎవరు పొమ్మన్నారని పోయావు?" అన్నాడు పులిరాజు.

"తగిలింది ప్రభూ."

"తగిలిందని నీకు తెలుసు. గుడ్లగూబకు తెలియదుగా?"

"నాకు తెలిస్తే చాలదా ప్రభూ?"

చాలలేదు. నిన్న హారతి పట్టిన చేతులే ఇవాళ రాళ్లు పట్టాయి. గడ్డితో కొండముచ్చు బొమ్మ చేసి తగలబెట్టారు. కుందేళ్లు పిల్లల పేర్లు మార్చేశాయి. పందికొక్కు కొట్టు ముందు బొమ్మకు సున్నం కొట్టించింది. అతడి చోటు రాజుగారి బావమరిది చిరుతకు ఇచ్చారు. ఆ చిరుతకు బంతి ఎటునుంచి వస్తుందో తెలియదు, తగిలినా కదలకుండా నిలబడటం మాత్రం బాగా తెలుసు. సిగ్గులేని జనం దాన్ని తెలివి అన్నారు.

అబద్ధం అంటువ్యాధి. చిరుతను చూసి ఎర్రగట్టు వాళ్లు కూడా తగలని బంతికి తగిలిందని అరవడం నేర్చుకున్నారు. ఏ వైపు గట్టిగా అరిస్తే ఆ వైపే గుడ్లగూబ తీర్పు.

ఇంతలో కరువు వచ్చింది. ఏరు సన్నబడి ఒక అడవికే చాలేలా ఉంది. గెలిచిన వాళ్లదే ఏరు, ఓడినవాళ్లు వేసవి ముగిసేదాకా దాని దగ్గరికి రాకూడదు. మూడో ఆట ఆ పందెం మీద పడింది. గతిలేక పులిరాజు లంబవాలుణ్ణి పిలవడానికి కొండమీదికి చిరుతనే పంపాడు.

"బావగారు రమ్మన్నారు. పాతవన్నీ మరిచిపొమ్మన్నారు" అంది చిరుత.

"మరిచిపోను" అన్నాడు లంబవాలుడు. "నా ఇంటిమీద ఎవరెవరు రాళ్లు వేశారో నాకు తెలుసు. ఆ కోపం పోలేదు, పోదు. కానీ మీ పిల్లలకు దాహమైతే నాకు నిద్ర పట్టదు. పద."

ఆటలో ఒకరి తర్వాత ఒకరు కూలిపోయారు. లంబవాలుడొక్కడే నిలబడ్డాడు. గెలుపు దగ్గరపడుతుండగా బంతి అతడి తోకను రాసుకుంటూ పోయి నక్క చేతిలో పడింది. తోకకు తగిలితే అవుట్ కాదు. అయినా ఎర్రగట్టు వాళ్లంతా ఒక్కసారిగా అరిచారు. గుడ్లగూబ బెదిరిపోయి అవుటని రెక్క ఎత్తింది.

లంబవాలుడు కదలలేదు. "బ్యాటుకు తగల్లేదు" అన్నాడు.

గట్టుమీద పులిరాజు తొడ చరిచాడు. "ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది వీడికి" అని మురిసిపోయాడు.

ఎలుగురాజు మైదానంలోకి వచ్చి నక్కను అడిగాడు. "తగిలిందా?"

"అందరం అరిచాం ప్రభూ."

"నేనడిగింది అది కాదు."

నక్క తల దించుకుంది.

ఎలుగురాజు సన్నబడిన ఏటివైపు చూశాడు. దాని అవతల అతడి పిల్లలున్నారు. తర్వాత అన్నాడు. "ఎవరూ పొమ్మనకుండానే ఈ కొండముచ్చు రెండుసార్లు మా ముందునుంచి నడిచి వెళ్లాడు. అతడు తగల్లేదంటే తగల్లేదు. మా అరుపు మేం వెనక్కి తీసుకుంటున్నాం."

లంబవాలుడు ఆడాడు. నల్లకొండ గెలిచింది.

పులిరాజు దండ పట్టుకుని పరుగున వచ్చి అతడి మెడలో వేశాడు. చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "ఎంత చక్కగా బొంకావోయ్. నీ ముఖం చూసి నేనే నమ్మబోయాను."

లంబవాలుడికి కళ్లు ఎర్రబడ్డాయి. దండ తీసి రాజుగారి చేతిలోనే పెట్టాడు.

"నేను బొంకలేదు. ఆ ఎలుగుబంటి నాకు పగవాడు, తన పిల్లల నీళ్లు పణంగా పెట్టి నా మాట నమ్మాడు. మీరు నన్ను ఇన్నాళ్లూ దగ్గరుండి చూసినవాళ్లు. నేను అబద్ధం ఆడాననుకుని సంబరపడుతున్నారు. మీ తోటలో పండు నాకిక గొంతు దిగదు. ఏరు గెలిచింది నేను. సగం నీళ్లు అటు వదలండి. కాదంటే రేపటినుంచి నేను ఎర్రగట్టు తరఫున ఆడతాను."

పులిరాజు చిరుతవైపు చూశాడు, గుడ్లగూబవైపు చూశాడు, చివరికి నేలవైపు చూశాడు. సాయంత్రానికి ఏరు రెండువైపులా పారింది. నీళ్లు సగమే అయినా, పొదుపుగా తాగి రెండు అడవులూ బతికాయి. దండ మాత్రం వాడిపోయేదాకా రాజుగారి చేతిలోనే ఉంది.

నీతి: నష్టం వచ్చిన రోజు కూడా నిజం చెప్పినవాడి మాటను పగవాడైనా నమ్ముతాడు, అలాంటివాడిపై రాళ్లు వేసేవాళ్లు తమ నోటి దగ్గర నీళ్లు తామే పారబోసుకుంటారు.