మజ్జిగ తాగిన దానాధికారి

కోనాపురంలో కాలువ మీది చెక్కవంతెన కుంగి ఏడాదైంది. దాటబోయినవాళ్లు కాళ్లు విరగ్గొట్టుకుంటుంటే, దానాధికారి గజపతయ్య ప్రతి కాలికీ దగ్గరుండి కట్టు కట్టించి, తన ధర్మగుణానికి తనే మురిసిపోయేవాడు.

గంపలల్లే నూకాలు కాలికి మూడోసారి కట్టు పడింది.

"కట్లు సరే బాబయ్యా, ఆ వంతెన బాగుచేయించండి. ఊరంతా అదే అడుగుతోంది" అంది.

"ఊరంతా గుంపుకట్టి వస్తే కొరడా దెబ్బలే. ఒక్కొక్కరే వచ్చి చెప్పుకోవాలి" అన్నాడు గజపతయ్య.

నూకాలు ఆ పూటే కుంటుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది.

మర్నాడు పొద్దున్నే ఒక ముసలాయన వచ్చి వంతెన సంగతి చెప్పుకున్నాడు. విన్నపం చెప్పినవాళ్లతో అధికారి చెంబెడు మజ్జిగ తాగాలనీ, అందరిదీ వినేదాకా పీట దిగకూడదనీ రాజుగారి ఆన. గజపతయ్య తాగాడు. తర్వాత ఒక ముసలమ్మ వచ్చింది. అదే మాట, మళ్లీ మజ్జిగ. గుమ్మంలోంచి చూస్తే మనిషికీ మనిషికీ పదడుగుల ఎడంతో వీధి చివరిదాకా జనం. గుంపు మాత్రం ఎక్కడా లేదు.

పన్నెండో చెంబుకి గజపతయ్య మోకాళ్లు దగ్గరకి నొక్కిపెట్టుకున్నాడు. పదమూడో మనిషి నూకాలు.

"నీకు దణ్ణం పెడతానమ్మా, మిగతావాళ్లందర్నీ ఒక్కసారే రమ్మను."

"గుంపుకడితే కొరడా దెబ్బలు కదా బాబయ్యా" అంటూ నూకాలు నిదానంగా చెంబు నింపింది. "ఇంకా రెండొందల మందిమి ఉన్నాం. వంతెన బాగుచేయిస్తానంటే మాత్రం ఇంక చెప్పుకోడానికి ఎవరికీ ఏమీ ఉండదు."

వడ్రంగుల్ని పిలవమని గజపతయ్య పెట్టిన కేక పెరట్లోంచి వినిపించింది.