కావడి దించే తీరు

కొండవాళ్లకూ కోటకూ పోరు ఎందుకు మొదలైందో చెప్పగల ముసలివాళ్లు కూడా పోయాక, రాజుగారికి సంధి మీద మనసు పుట్టింది. కొండల తరఫున మాట్లాడడానికి కావడి మోసుకు బతికే గాసన్న వచ్చాడు. ఆ పోరులో ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్నవాడు. కావడికి ఒక పక్క తేనె కుండ, మరో పక్క అంబలి కుండ కట్టి, భుజాన మోస్తూనే సభలో నిలబడ్డాడు.

మంత్రి మీసం దువ్వాడు. "ముందు మీ విల్లంబులు కోటలో అప్పగించండి. మీ అడవి మీకిచ్చే సంగతి తరవాత చూద్దాం."

ఇలాగే విల్లు దించి, మర్నాడే బూడిదైన పొరుగు గూడెం గాసన్న కళ్లలో మెదిలింది. అయినా వాదించలేదు.

"చిత్తం బాబయ్యా. ముందు మా కానుక అందుకోండి. పుచ్చుకునేవారే దించుకోవడం మా ఆచారం."

మంత్రి గబుక్కున తేనె కుండ దించుకున్నాడు. ఆ పక్క బరువు పోగానే కావడి బద్ద పైకి లేచింది. రెండో పక్క అంబలి కుండ నేలకు కొట్టుకుని భళ్లున పగిలింది. మంత్రి పట్టుపంచె నిండా అంబలే.

"ఒరేయ్! ఒక పక్కే దించితే రెండోది పడదూ? రెండూ ఒక్కసారే దించాలని చెప్పొద్దూ?" అని అరిచాడు మంత్రి.

"పొద్దుటినుంచీ అదే చెబుదామని చూస్తున్నాను బాబయ్యా."

రాజు నవ్వలేదు. పగిలిన కుండ పెంకుల వైపు చూశాడు.

"మీ అడవిలో మేం పాతిన సరిహద్దు రాళ్లు పీకేసిన పూటే మీ విల్లులు దిగుతాయి," అన్నాడు. "పాపం, నీ కుండ పోయిందే!"

"పోనివ్వండి ప్రభూ. ఇన్నాళ్లూ మనుషులు పోయారు. ఈసారి కుండతో సరిపోయింది."